కజకు క్రియయుఁ దెలుఁగు వ్యాకరణమును

వ్యాకరణములు రెండు తెఱఁగుల పాఠకులకై పుట్టుచుండును. భాషను తల్లియొడిలో నేర్చినవానికి సాధురూప మేదియో, అసాధురూప మేదియో నిర్ణయించి చెప్పునవి కొన్ని. భాష బొత్తిగా నెఱుఁగనివానికి మాట యెట్లు కట్టవలయునో నేర్పునవి మఱికొన్ని. పరవస్తు చిన్నయసూరి 1858లోఁ బ్రకటించిన బాలవ్యాకరణము మొదటి తెగలోనిది. 1814లో విలియము కేరీయు, 1816లో కాంబెలును, 1840లో బ్రౌనును, 1873లో ఆర్డెనును వెలువరించిన తెలుఁగు వ్యాకరణములు రెండవ తెగలోనివి. పేరున ‘బాల’ శబ్దమున్నను సూరి గ్రంథము తెలుఁగు రాని బాలునికిఁ బనికిరాదు. అందెనిమిదవదగు క్రియాపరిచ్ఛేదము సూత్రములచే రూపములను సాధించి చూపును గాని, ఏ రూప మెప్పు డాడవలయునో యభ్యాసముల మూలమున నేర్పదు. నేర్పవలసిన యక్కఱయు సూరికి లేదు. ఏలయన దానిని జదువువాఁడు తెలుఁగు మాటాడుచునే బడికి వచ్చినవాఁడు. దొరల గ్రంథముల తీరు వేఱు. చెన్నపట్టణమునఁ గొత్తగా దిగిన కుంపిణీ యుద్యోగి రైతుతో మాటాడవలసియుండెను. ‘వచ్చెను’ అను రూప మెట్లు సిద్ధించెనను విచారముకంటె ‘వస్తావా, రావా’ యని తప్పులేక యడుగుట యతనికి ముఖ్యము.

వేటపాలెమున 1918లో స్థాపింపఁబడిన సారస్వతనికేతనము పాతపత్రికల సంపుటములకును, అచ్చులో మరల దొరకని గ్రంథములకును బేరుగన్నది. 1929లో దాని భవనమునకు గాంధిమహాత్ముఁడు శంకుస్థాపన చేసెను. ఊరు 1970 దాఁక గుంటూరు జిల్లాలోను, పిదపఁ బ్రకాశము జిల్లాలోను నుండి, 2022లో బాపట్ల జిల్లాలోఁ జేరినది. జిల్లాలు మాఱినను గ్రంథాలయము మాఱలేదు. అట్టిచోటఁ గూర్చుండి చదువు తెలుఁగు పాఠకుఁడు సూరి గ్రంథమును గౌరవముతోఁ దెఱచును. ఆర్డెను గ్రంథము చేతికి వచ్చెనేని నవ్వుకొనును. తన నోటిమాటను దొర యొకఁడు పట్టికలుగాఁ గట్టి వల్లించుట వింతగాఁ దోఁచుటలో నాశ్చర్యము లేదు.

కాని యా నవ్వు నేఁడు నిలువదు. ఇటీవలి యేండ్లలో నాంధ్ర తెలంగాణములనుండి వైద్యవిద్యకై కజకిస్థానమున కేఁగు విద్యార్థులు పెక్కురు. పాఠము లాంగ్లమునఁ జెప్పినను, ఆస్పత్రిలో రోగి యాంగ్లమున మూలుగఁడు. రష్యనుభాషలోనో కజకుభాషలోనో మూలుగును. కుంపిణీ యుద్యోగి గుంటూరు పొలములలో నిలిచిన తావున నేఁడు గుంటూరు పొలములనుండి వెడలిన విద్యార్థి ఆల్మటీ నగరమున నిలిచియున్నాఁడు. రెండవ తెగ వ్యాకరణ మతనికిఁ గావలెను. అది యే పోలికను వ్రాయవలయు ననునదియే యిచట విచార్యము. ఆంగ్లమునో రష్యనునో నడుమ నుంచుకొని కజకు క్రియను నేర్పుట తెలుఁగువానికిఁ జుట్టుదారి యగుననియు, సూరి సూత్రములును వేటపాలెపు వీధిమాటయుఁ గలిసి యంతకంటె దగ్గఱ త్రోవ చూపఁగలవనియు నీ వ్యాసము తాత్పర్యము.

ముందుగా లిపిని గూర్చి యొకమాట. కజకుభాషకు 1929 వఱకు నరబ్బీ యక్షరములును, పిదప లాటిను నక్షరములును, 1940 నుండి రష్యను నక్షరములును వాడుకలోనికి వచ్చినవి. మరల లాటినునకు మరలవలెనని 2017లో శాసన మైనది. క్రియ మాత్రము మాఱలేదు. అందలి దంత్యమైన యూఁదుధ్వనికి దగ్గఱగాఁ దెలుఁగు ౙకార మిచట వాడఁబడినది. పెదవులు గుండ్రముగాక కంఠమునొద్దఁ బుట్టు నిఱుకు స్వర మొకటి తెలుఁగున లేదు. దాని కుకారము గుర్తు.

దొరల తెలుఁగు వ్యాకరణములలోఁ బెద్దలోప మొకటి కలదు. వారు ధాతువులను తుదివర్ణమును బట్టి తరగతులు చేసి, భూతభవిష్యద్వర్తమానములను గదులు కట్టి, తెలుఁగు క్రియను గదికొకటిగాఁ గూర్చుండఁబెట్టఁ జూచిరి. ‘వస్తాను’ అను మాట యే యొక్క గదిలోను నిమిడి కూర్చుండదు. ‘ఆదివారము చీరాలనుండి వస్తాను’ అనినచో ప్రతివార మనియుఁ గావచ్చును, రానున్న యాదివార మనియుఁ గావచ్చును. ఆంగ్లమున నీ రెంటికి రెండు రూపములు గాన దొర ప్రతిపాఠమునను దీనికి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. కజకుభాషలో ‘కెల్’ అనఁగా వచ్చుట. దానినుండి ‘కెలెమిన్’ అను రూపము పుట్టును. ‘ప్రతిదినము వస్తాను’, ‘రేపు వస్తాను’ అను రెండర్థములును దానికిఁ గలవు. ఆంగ్లముద్వారా చదువువానికి ‘వర్తమానభవిష్యత్తు’ అను బరువైన పేరొకటి పెట్టి, దానిక్రింద నుదాహరణములు వేసి, ఎచట నే యర్థమో నేర్పవలయును. తెలుఁగువానితో ‘కెలెమిన్ అనఁగా వస్తాను’ అనినఁ జాలును, పాఠము ముగిసినది. కెలెసిఙ్ అనఁగా వస్తావు; కెలెసిౙ్ అనఁగా గౌరవముతో మీరు వస్తారు; కెలెది అనఁగా వస్తాఁడు, వస్తుంది; కెలెమిౙ్ అనఁగా వస్తాము. సూరి తద్ధర్మార్థక మని వేఱుచేసి యుంచినది యీ జాతి క్రియయే. కాలముల గదులలోఁ బెట్టక ‘ధర్మము’ అని పేరిడుటలో సూరిచూపు దొరలచూపుకంటె సూక్ష్మము. వాడుకలోని ‘వస్తాను’ అను రూపము నాయన గ్రంథమునఁ జేర్పకపోవుట మాత్రము కొఱఁత. వెళ్లునపుడు ‘వస్తాను’ అనుట తెలుఁగు మర్యాద గదా; ‘కెలెమిన్’ అని ఆల్మటీలో సెలవు పుచ్చుకొన్నచో వినువాఁడు నిజముగానే యెదురుచూచును. ఇట్టి చిక్కులు వ్యాకరణముచేఁ దీఱవు.

కాలములకుఁ గజకులు పెట్టుకొన్న పేళ్లు చూడఁదగినవి. భవిష్యత్తు ‘కెలెర్ షక్’, వచ్చెడి కాలము. భూతము ‘ఒత్కెన్ షక్’, కడచిన కాలము. ‘వచ్చే యేఁడు’ అని తెలుఁగువా రనునట్లే వారును ‘కెలెర్ జుల్’ అందురు. ఇంతకు ‘కెలెర్’ అనునది క్రియగా వచ్చినపుడు నిశ్చయము తక్కువ. ‘రావచ్చును’ అని తాత్పర్యము.

విశేషణరూపమును జూతము. ‘వచ్చిన మనిషి’ యని చెప్పుటకు ఆంగ్లేయునికి నడుమ నొక సర్వనామమును, దానివెంట నొక వాక్యమును గావలయును. కజకున ‘కెల్గెన్ అదమ్’, తెలుఁగున ‘వచ్చిన మనిషి’. మాటకు మాట సరి. అంతటితో నాఁగదు. ‘వచ్చిన’ శబ్దముపై ‘వాఁడు’ చేర్చి ‘వచ్చినాఁడు’ అను క్రియను తెలుఁగు కట్టుకొన్నది; వాడుకలో నది యింకను క్రుంగి ‘వచ్చాడు’ అయినది. కజకును ‘కెల్గెన్’ పైఁ దన సర్వనామమును ‘మెన్’, అనఁగా నేను, అనుదానిని గొంచెము మార్చి చేర్చి ‘కెల్గెన్‌మిన్’, వచ్చినాను, అని కట్టును. విశేషణమునే క్రియగా నిలువఁబెట్టు నీ యుపాయము తెలుఁగువానికిఁ బుట్టువిద్య. ఆంగ్లవ్యాకరణము దీనిని రెండు వేర్వేఱు ప్రకరణములలోఁ జెప్పి, రెంటికి సంబంధము చూపకపోయెనేని, విద్యార్థి యొకే వస్తువును రెండుమాఱులు కొనుక్కొన్నట్లగును.

భూతకాలమున సూరి భాషయే వీధిభాషకంటె నెక్కువ సాయపడును. కెల్దిమ్, వచ్చితిని, కెల్దిఙ్, వచ్చితివి, కెల్ది, వచ్చెను, కెల్దిక్, వచ్చితిమి. కజకున లింగభేదము లేదు. అతఁడు వచ్చినను ఆమె వచ్చినను గోవు వచ్చినను ‘కెల్ది’. ‘వచ్చాడు, వచ్చింది’ యని విడఁదీయుట కలవాటుపడిన వేటపాలెపు బాలున కిది వింత. కాని గ్రాంథికమున ‘వాఁడు వచ్చెను, ఆమె వచ్చెను, గోవు వచ్చెను’ అని యేకరూపమే గదా. బహువచనమునఁ గూడ ‘కెల్ది’యే, ఇచట ‘వచ్చిరి’ యను తెలుఁగు దారి తప్పును. ఇంకొక విశేషము. తలకు ‘బస్’ అని పేరు, ‘బసుమ్’ అనఁగా నా తల. ‘కెల్దిమ్’లోని తుది మకార మా ‘నా’ యను మకారమే. భూతకాలమునకు షష్ఠ్యర్థమును, కెలెమిన్ మొదలగువానికి సర్వనామమును జేర్చుటచే రెండు వరుసల ప్రత్యయము లైనవి. తెలుఁగున నట్టి భేదము లేదు. కావున దీనిని వల్లించియే తీరవలయును.

ధాతుస్వరమును బట్టి ప్రత్యయస్వరము మాఱుట కజకు క్రియకుఁ బ్రాణము. కెల్ ధాతువునకు కెల్దిమ్. పోవుట యను నర్థముగల బర్ ధాతువునకు బర్దుమ్. కెలెది, వస్తాఁడు, బరదు, పోతాఁడు. దీనిని ఆంగ్లముద్వారా నేర్చువాఁడు కొన్నినెలలు తడబడును. తెలుఁగువాఁ డెఱుఁగకయే దీని నాడుచున్నాఁడు. ‘వచ్చితిని, వచ్చితివి’ అనుచోట నికారమునుబట్టి ని, వి. ‘వచ్చెదను, వచ్చెదవు’ అనుచోట ను, వు. ‘హరికి’ అనుచోఁ గి. ‘రామునకు’ అనుచోఁ గు. ఇట్టి యనుసరణమును సూరి సూత్రించినాఁడు. అయినను దెలుఁగు పద్ధతికి వెనుకడుగు కూడఁ గలదు: తిరుగు, తిరిగెను, తెలుపు, తెలిపెను. ఇచట రాఁబోవు ప్రత్యయమునుబట్టి ధాతువే వంగినది. కజకు ధాతువు వంగదు, ప్రత్యయమునే వంచును. ఈ భేద మెఱిఁగిన విద్యార్థి తనకున్న యలవాటులో సగముంచుకొని సగము విడువవలయును.

ఇఁక వర్తమానమున జరుగుచున్న పని. కజకుభాషలో నతి మనోహరమైన భాగ మిదియే, అతి ప్రమాదకరమైనదియు నిదియే. ‘ఉన్నాఁడు’ అను నొక్క సహాయక్రియతోఁ దెలుఁగు తృప్తిపడును. కజకు నాలుగింటిని వాడును: ఒతుర్, కూర్చుండుట, తుర్, నిలుచుట, జతుర్, పండుకొనియుండుట, జ్యుర్, తిరుగుట. వ్యాకరణములలో నీ నాలుగును వరుసగా వేసి ‘అన్నియు వర్తమానార్థకములే’ యని త్రోసివేయుట పరిపాటి. అట్లు చెప్పినచో విద్యార్థి యొకదానిని బట్టుకొని మూఁటిని విడుచును. వేటపాలెమునే యుదాహరణముగాఁ దీసికొన్నఁ జిక్కు విడును. మగ్గముగుంటలోఁ గాళ్లుంచి నేయువాఁడు ‘తొకుప్ ఒతుర్’. అతఁడు కూర్చుండియే నేయవలయును గదా. జీడిపప్పు సంచి భుజమునఁ బెట్టుకొని వీధులు తిరిగి యమ్మువాఁడు ‘సతుప్ జ్యుర్’. కళ్లమునఁ బఱచిన మిరపకాయ లెండుచున్నవి యనుటకు ‘కెవిప్ జతుర్’; అవి పండుకొనియున్నవి. వాన కురియుచున్నదనుటకు ‘జవుప్ తుర్’. వాన నిలుచుండునని వారి యూహ. తెలుఁగువాఁడును ‘నేస్తూ కూర్చున్నాడు’, ‘అమ్ముకుంటూ తిరుగుతున్నాడు’ అనకపోలేదు. కాని యది యతని యిష్టము. కజకున నది నియమము. జతుర్ అనునది మాత్ర మర్థము క్షీణించి పండుకొనని పనులకును వ్యాపించినది.

ఇచటనే తెలుఁగువానికి గోతి. తొకుప్, సతుప్, కెలిప్ మొదలగునవి రూపమునఁ దెలుఁగు క్త్వార్థకములు. ‘కెలిప్ కెత్తి’ అనఁగా వచ్చి వెళ్లెను. ఇందు సందేహము లేదు. కాని క్త్వార్థకముపై ‘ఉండు’ చేర్చినచోఁ దెలుఁగునఁ బని ముగిసినదని యర్థము: ‘వ్రాసియున్నాఁడు’. కజకున క్త్వార్థకముపై ఒతుర్ చేర్చినచోఁ బని జరుగుచున్నదని యర్థము: ‘జౙుప్ ఒతుర్’, వ్రాయుచుఁ గూర్చున్నాఁడు. పోలికను నమ్మి ‘వ్రాసి కూర్చున్నాఁడు’ అనుకొన్నవాఁడు జరుగుచున్న పనిని జరిగిపోయినదిగాఁ గొనును. ఆస్పత్రిలో నిది చిన్నతప్పు గాదు. ‘బసుమ్ అవురదు’ అని రోగి యనినచో ‘నాకు తలనొప్పి వస్తుంది’, అది యప్పుడప్పుడు వచ్చు నలవాటు. ‘బసుమ్ అవురుప్ తుర్’ అనినచో నిప్పుడే నొచ్చుచున్నది. ‘అవుర్దు’ అనినచో నొచ్చెను, తగ్గినది. రోగి మొదటిమాట చెప్పఁగా రెండవదిగా విన్న వైద్యుఁడు చిరకాలవ్యాధిని నేఁటి జబ్బుగా వ్రాసికొనును. క్త్వార్థ శత్రర్థకముల భేదము పండితుల వినోదమని తలఁచువారు దీనిని గుర్తింపవలయును. క్త్వార్థక మను పేరును తెలుఁగు విద్యార్థికి విడువక చెప్పి, ‘సహాయక్రియతోఁ గూడినపుడు శత్రర్థకమువలెఁ బని చేయును’ అని యొక్క వాక్యమున హెచ్చరించినఁ జాలును. ఆంగ్లపరిభాషతో నీ హెచ్చరికయే చేయ వీలులేదు. ఆ భాషలో నీ గోయియే లేదు గనుక.

గోయి దాఁటినచో మరల సమతలము. కజకున ‘అల్’ అనఁగాఁ గొనుట, ‘బెర్’ అనఁగా నిచ్చుట. ‘జౙుప్ అల్’, వ్రాసికొనుము; ‘జౙుప్ బెర్’, వ్రాసి పెట్టుము, వ్రాసి యిమ్ము. ఆత్మార్థమున ‘కొను’ ధాతువును దెలుఁగు వాడునట్లే వా రదే యర్థముగల ధాతువును వాడుదురు. ‘కెతిప్ కల్దు’, వెళ్లిపోయెను. శక్యార్థమునఁ గూడ ‘అల్’ వచ్చును: ‘కెలె అలమున్’, రాఁగలను, ‘కెలె అల్మయ్‌మున్’, రాలేను. ఇట్టివాని కాంగ్లమున నొక్కొక్కదానికి నొక్కొక్క వాక్యముతో వ్యాఖ్య వ్రాయుదురు. తెలుఁగున నెదుట నెదుట వ్రాసిన నదియే వ్యాఖ్య.

వ్యతిరేకార్థమునఁ గజకు చాల స్పష్టము. ‘మ, మె’ యను నక్షరము ధాతువునకును గాలప్రత్యయమునకును నడుమఁ గూర్చుండును: కెల్దిమ్, వచ్చితిని, కెల్మెదిమ్, రానైతిని. ‘జౙ్-దుర్-మ-దు-మ్’ అను పదమును విఱిచి చూచినచో వ్రాయుట, ప్రేరణము, నిషేధము, భూతకాలము, నేను అని యైదంశములు వరుసగాఁ గానవచ్చును, తెలుఁగున ‘వ్రాయింపనైతిని’. కాని తెలుఁగుమాట విఱిచినచో ‘వ్రాయింపను’ అనుచోట నొకసారియు, ‘ఐతిని’ అనుచోట నొకసారియు ‘నేను’ వినవచ్చును. ‘రావైతివి, రాఁడయ్యెను’ అనుచోట్లను నట్లే. కజకున నొక్కసారి చాలును. వాడుకభాష మఱియొకకొసకుఁ బోయినది: ‘నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు’; గుంటూరు ప్రకాశము సీమలలో ‘రాలా’. ఇందు పురుషభేద మొక్కింతయు లేదు. ఈ యలవాటుతోఁ బోయిన విద్యార్థి ‘మెన్ కెల్మెది’ యని, నేను రాలేదనుటకు మాఱు ‘నేను వాఁడు రాలేదు’ అన్నట్లు, పలుకును. గ్రాంథికము చదివిన పిల్లవానికి ‘రానైతిని, రావైతివి’ జ్ఞప్తికి వచ్చి యీ తప్పు తప్పించుకొనును. గ్రాంథికమును దూరదేశమున కేఁగువాఁడు మూటఁగట్టుకొని పోవుట నిష్ప్రయోజనమనువారు గలరు. ఈ యొక్కచోట వారిమాట చెల్లదు. చేదర్థకమున మాత్రము గ్రాంథికమును వాడుకయు రెండును జేయియిచ్చును. ‘నేను వస్తే, నీవు వస్తే’ అనుచోఁ దెలుఁగున రూప మొకటే. కజకున కెల్సెమ్, కెల్సెఙ్, కెల్సె యని పురుషమునుబట్టి మాఱును.

విన్నమాటకు వేఱురూప ముండుట యింకొక సొగసు. ‘కెల్ది’ యనినచోఁ జెప్పువాఁ డెఱిఁగి చెప్పినది. ‘కెలిప్తి’ యనినచో వచ్చెనఁట. తెలుఁగు ‘అఁట’ చేర్చి చేయు పనిని వారు క్రియలోనే యిమిడ్చిరి. అయితే వారి రూపము ‘అఁట’కంటె విరివియైనది. తనకుఁ దెలియకయే తాను చేసినపనికిఁ గూడ దానిని వాడుదురు: ‘ఉయుక్తప్ కలుప్పున్’, నిద్రపోయినట్టున్నాను. ఇచటఁ దెలుఁగువాఁడు తన్నుగూర్చి ‘అఁట’ యనఁడు. రోగి యింటివారు చెప్పినదియు రోగి స్వయముగాఁ జెప్పినదియు వేఱుచేసి వ్రాయవలసిన వైద్యవిద్యార్థి కీ రూపము చెవిలోఁ బడవలసినదే.

ఇన్ని పోలికలు చూచి రెండుభాషలు నొక తల్లిబిడ్డలని తొందరపడువా రుండవచ్చును. ఆ తొందర క్రొత్తది గాదు. 1856లోఁ దన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును బ్రకటించిన కాల్డ్వెలు తురుష్కాది భాషలతో ద్రావిడభాషలను సిథియనువర్గ మను పేరఁ జేర్చి, స్వరానుసరణాదులను సాక్ష్యముగాఁ దెచ్చెను. ఆ మతము నేఁటి పండితుల యంగీకారమును బొందలేదు. వాక్యపుఁ గట్టడిలోఁ బోలిక వేఱు, ధాతువులలోఁ బోలిక వేఱు. ఒంగోలునఁ 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1961లోఁ బ్రకటించిన తెలుఁగు క్రియాధాతువుల గ్రంథము ధాతువుల చరిత్రను సోదరద్రావిడభాషల మూలమునఁ బరిశోధించునది. బంధుత్వమును స్థాపించు పద్ధతి యట్టిది. ‘కెల్’కును ‘వచ్చు’నకును నట్టి బంధుత్వము చూపినవారు లేరు. ప్రత్యయములను ధాతువు వెనుక వరుసగాఁ గూర్చు భాషలు రెండు, చుట్టఱికము లేకయే, యొకేచోటికి వచ్చినవని చెప్పుట న్యాయము. నేర్చుకొనువానికిఁ జుట్టఱికముతోఁ బనిలేదు.

కజకుభాషకును విదేశీయులే ముందుగా వ్యాకరణములు వ్రాసిరి. మెలియొరాన్‌స్కీ వ్రాసిన సంగ్రహవ్యాకరణము 1894లోను 1897లోను రెండుభాగములుగా వెలువడెను. అప్పటి రష్యనులు కజకులను ‘కిర్గీజు’లని పిలుచుచుండిరి గాన గ్రంథనామమునఁ గూడ నా మాట దూఱినది. ఆ భాషవాఁడే తన భాషకు వ్యాకరణము వ్రాసినది అఖ్మెత్ బైతుర్సునులు. 1914 మొదలుగాఁ బ్రకటించిన యాతని పాఠపుస్తకములకు ‘తిల్ కురల్’, భాషాసాధనము, అని పేరు. సూరి సంస్కృతపరిభాషను గ్రహించి తెలుఁగునకుఁ బొందించెను. బైతుర్సునులు అరబ్బీ రష్యను పరిభాషలను వీడి దేశిపదములనే పరిభాషగాఁ జేసెను. క్రియకుఁ గజకుపేరు ‘ఎతిస్తిక్’. ‘ఎత్’ అనఁగాఁ జేయుట. కృధాతువునుండి ‘క్రియ’ పుట్టినట్లే యిది పుట్టినది. ఇట్టి పండితుని 1937లో సోవియెటు ప్రభుత్వము కాల్పించెను. 1988లో నిర్దోషియని ప్రకటించెను. పరిభాష మాత్ర మానడుమఁ గూడఁ బాఠశాలలలో నిలిచెను.

తెలుఁగువారికై కజకు క్రియాపాఠము కూర్పఁదలఁచువారు ఆంగ్లపుస్తకమును దెలుఁగు చేసిన లాభము లేదు. కాలముల పట్టికతో మొదలిడక, ‘కెలిప్, కెల్గెన్, కెల్సె’ యనువానిని ‘వచ్చి, వచ్చిన, వస్తే’ యనువానియెదుట నుంచి మొదలిడవలయును. ఆ మూఁటినుండి తక్కినవి పుట్టుచున్నట్లు చూపవలయును. పేళ్లు సూరివి, ఉదాహరణములు వీధివి కావలయును. ఈ రెండవ విషయమున ఆర్డెనే మార్గదర్శి. ఆయన వాడుకభాషను ముందుంచి, గ్రాంథికమును మూఁడవభాగమున వేఱుగాఁ జెప్పెను. ఆ వరుస పండితులకు రుచింపకపోయినను, నేర్చువాని చెవికి ముందుగాఁ దగులునది యేదియో యెఱిఁగి చేసినది. గ్రంథమున ‘వచ్చుచున్నాఁడు’ అని చదివి వేటపాలెమున దిగినవానికి ‘వస్తన్నాడు’ అని వినవచ్చును. ‘కెలె జతుర్’, వచ్చుచున్నాఁడు, అని చదివి ఆల్మటీలో దిగినవానికి ‘కెలతుర్’ అని యొక్కమాటగా వినవచ్చును. రెండు క్రియ లొకటై మొదటి జకారము మ్రింగఁబడినది. అచ్చురూపమును మాత్రమే చూపు పాఠమునఁ ‘కెలతుర్’ ఎచటను గానరాదు. దాని పట్టికలన్నియు వల్లించిన విద్యార్థి మొదటిరోగి నోట నామాట విని, యే ధాతువో తెలియక నిలిచిపోవును.